ఏడు తర్వాత ఆరు

బొమ్మల సినిమాకి సమీక్ష రాయమన్నప్పుడే నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా మా పత్రిక గుంటూరు జిల్లా పేజీల్లో ప్రతి శనివారం ‘తెర ముందు’ అని ఒక శీర్షిక రాస్తున్నాను. పగలు మంగళగిరిలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతాను. శుక్రవారం మ్యాటినీ చూసి, సాయంత్రానికి ఉతికి ఆరేస్తాను. పెద్ద పెద్ద హీరోలని కూడా వదల్లేదు. అలాంటి ఈ సీతారత్నాన్ని పట్టుకుని ఎలుగుబంటి బొమ్మ మీద రాయమంటారా?

“ఇది మామూలు బొమ్మల సినిమా కాదు మేడమ్,” అన్నాడు ప్రద్యుమ్న ఫోన్లో. గుంటూరు ఆఫీసులో మా పేజీలు చూసే సబ్‌ఎడిటరు అతను. “టీవీలో సాయంత్రంపూట ‘బొజ్జ ఎలుగు’ వస్తుంది కదండీ. ఆదివారం పొద్దున ‘రాకెట్ పిల్లలు’ వస్తుంది. ఆ రెండు సీరియళ్ళ వాళ్ళనీ ఒకే కథలో కలిపి సినిమా తీశారు. పేరు ‘గుహలో రాకెట్’. తెలుగులోకి డబ్బింగయింది. పిల్లలు ఎగబడుతున్నారండీ.”

“గోంగూరా జున్నూ కలిపి వడ్డించారన్నమాట.”

“ఆ మాటే రాయండి మేడమ్, బాగుంది,” అని నవ్వి పెట్టేశాడు.

అది 2002 మే నెల. ఒంగోల్లో ఉండే మా తమ్ముడి కూతురు మహతి సెలవులకి నా దగ్గరికి వచ్చి ఉంది. తొమ్మిదేళ్ళది. ఫోను పెట్టేలోపే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. రెండు సీరియళ్ళూ దానికి కంఠతా వచ్చు. దారి పొడుగునా రాకెట్ పిల్లల పేర్లు చెబుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఒక్క పేరూ బుర్రకెక్కలేదు.

మా ఊళ్ళో ఆ సినిమా ఆడుతున్న హాలుకి ఏదో దేవుడి పేరుంది కానీ అందరూ యజమాని పేరుతో వెంకయ్య హాలనే అంటారు. వెనక గోడౌన్లో ఎవరో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేస్తారు. ఎండాకాలం ఫ్యాన్లు తిరిగితే చాలు, ఆ ఘాటుకి హాలంతా దగ్గుతుంది. కరుణరసం సినిమాలు అక్కడ బాగా ఆడతాయని నేనొకసారి రాస్తే వెంకయ్య ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం దగ్గు వినపడలేదు. మగ్గాల వాళ్ళ పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో వచ్చిన పిల్లలు, హాలు నిండా పిల్లలే. రాకెట్టు వచ్చి ఎలుగుబంటి గుహలో దిగబడి, ఈ సీరియల్ వాళ్ళూ ఆ సీరియల్ వాళ్ళూ మొదటిసారి ఎదురుపడ్డప్పుడు వాళ్ళు వేసిన కేకలకి నా చేతిలో మిక్చరు పొట్లం ఒలికిపోయింది. పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ కలిసినట్టు ఏమిటీ గోల అని విసుక్కున్నాను.

ఇంటర్వెల్ దాకా కథ ఏదో నడిచింది. ఆ తర్వాతే నాకు తల తిరిగింది. గుహలో ఉండాల్సినవాళ్ళు మంచుకొండ మీద ఉన్నారు. ఎలుగుబంటి మెడలో ఎర్ర మఫ్లరు ఉంది. అది మిన్నూ అనే రాకెట్ పిల్ల చెయ్యి పట్టుకుని, “నీకు చలేస్తా ఉండంగానే నాకిచ్చావు గదే. ఇంక ఈ కొండ మీద నాకు చలి లేదు,” అంది. ఎవరు ఎవరికి ఏమిచ్చారో నాకు అర్థం కాలేదు.

“అత్తా, ఇది తర్వాత రావాలి. ముందుది వెయ్యలేదు,” అంది మహతి.

“నోరు మూసుకుని చూడవే.”

“కాదత్తా, ఆ మఫ్లరు మిన్నూది కదా! ఎలుగు మెళ్ళోకి ఎట్లా వచ్చింది?”

“బొమ్మల సినిమాలో ఎట్లాగైనా వస్తుంది.”

ముందు బెంచీల్లో పిల్లలు ఈలలు వేశారు. “రీలు మార్చండో!” అని ఒకడు అరిచాడు. సినిమా హాల్లో పిల్లలు అరవడం కొత్తా? పది నిమిషాల తర్వాత చూస్తే అంతా మళ్ళీ గుహలోనే ఉన్నారు, ఎలుగు మెడ బోడిగా ఉంది, చలికి వణుకుతోంది. మిన్నూ తన మఫ్లరు తీసి దాని మెడకి చుట్టింది. నేను పుస్తకంలో పెన్సిలుతో కసిగా గీతలు గీసుకున్నాను. దొరికాడు దొంగ అనుకున్నాను.

మర్నాడు పత్రికలో నా సమీక్ష వచ్చింది. శీర్షిక: ‘గుహలోనూ లేదు, గగనంలోనూ లేదు’. అందులో గోంగూర, జున్ను ఉన్నాయి. రాకెట్ పిల్లలు నలుగురూ వాచకం అప్పజెప్పినట్టు మాట్లాడారని ఉంది. చివర్న నాకు బాగా నచ్చిన పేరా ఇది:

“ఇవ్వని మఫ్లరుకి ఎలుగుబంటి ముందే కృతజ్ఞతలు చెబుతుంది. ఇచ్చాక మాత్రం నోరెత్తదు. మాటలు రాసిన షేక్ సఫూరా గారు సినిమా చూడకుండా రాశారేమో. చూసి ఉంటే మనమీద జాలి పడి ఊరుకునేవారు.”

స్టాఫ్‌రూమ్ స్నేహితురాళ్ళు ఇద్దరు ఫోన్లు చేసి మరీ నవ్వారు. హైదరాబాదు పత్రికల్లో ఒకటి ‘పిల్లలకు మాత్రమే’ అని రెండు వాక్యాలతో సరిపెట్టింది. పిల్లల సినిమాని పిల్లలకు మాత్రమే అనడం ఇడ్లీ మెత్తగా ఉందనడం లాంటిది. ఇంకొకటి ఎలుగుబంటి గుంటూరు యాస మాట్లాడటం వింతగా ఉందని రాసింది. అందరికంటే నేనే ఘాటుగా రాశానని ఆ శనివారమంతా మురిసిపోయాను.

ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో నాలుగు మడతలు పెట్టిన మా పత్రిక. సంతకాల కోసం వచ్చిన పిల్లల తండ్రి ఎవరో అనుకున్నాను.

“నా పేరు ఖాజావలండి, టీచర్‌గారూ. వెంకయ్యగారి హాల్లో ఆపరేటర్నండి.”

సినిమా వేసే మిషను దగ్గర ఉండే మనిషన్నమాట. ఇన్నేళ్ళుగా ఆ హాల్లో కూర్చుంటున్నా ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. నా తల మీదుగా పోయే వెలుగే తెలుసు.

“కూర్చోండి. ఏమిటి సంగతి?”

కూర్చోలేదు. పత్రిక మడత విప్పి, చివరి పేరా మీద వేలు పెట్టాడు. “ఈ షేక్ సఫూరా మా అమ్మాయండి.”

నాకు ఇలాంటివి అలవాటే. హీరో అభిమానులు వచ్చారు, ఒక నిర్మాత బావమరిది వచ్చాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. గొంతు సవరించుకుని, “చూడండీ, సమీక్షన్నాక...” అని మొదలుపెట్టాను.

“మీరు రాసిందాంట్లో తప్పు లేదండి,” అన్నాడు. “మీకు చూపించిందే తప్పండి. ఏడో రీలు ముందేసి ఆరో రీలు తర్వాతేశాను. సినిమా చూడకుండా రాసింది మా అమ్మాయి కాదండి. సరిగా చూపించకుండా చెడగొట్టింది నేను.”

నా వెనక గుమ్మంలోంచి, “నేను చెప్పలా?” అంది మహతి.

అప్పుడు కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగి, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. సినిమా పది రీళ్ళు. పది డబ్బాలూ బల్ల మీద వరసగా పేర్చి పెట్టుకుంటాడు. డబ్బా మీద అంకెని ఎప్పుడూ నమ్మడు, మూతలు మారిపోతుంటాయి. రీలు తల దగ్గర కొస కొంచెం లాగి, దీపం ముందు పెట్టి, ఫిల్ము మీదే ఉన్న అంకె చదివి, అప్పుడు మిషనుకెక్కిస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి.

“మరి మొన్న ఏమైంది?”

“కిందకి దిగానండి.”

“ఎందుకు?”

అతను చేతులు చూసుకున్నాడు. “మిషను రొదలో క్యాబిన్లోకి ఏమీ వినపడదండి. కిటికీ కంతలోంచి బొమ్మ కనపడద్ది, అంతే. టీ తెచ్చినాయన చెప్పాడు, ఎలుగ్గొడ్డు నోరు తెరిస్తే చాలు హాలంతా నవ్వతన్నారంట అని. అవి మా అమ్మాయి రాసిన మాటలు గదండీ. ఒక్కసారి విందామని ఇంటర్వెల్లో దిగా. సోడా బండి దగ్గర పిల్లలు ఆ మాటలే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటా నవ్వతన్నారు. అక్కడే నిలబడిపోయానండి. వెంకయ్యగారు బెల్లు కొట్టేశారు. పరిగెత్తి చేతికందిన డబ్బా ఎక్కించేశా. రీలు తల చూళ్ళా.”

“మధ్యలో తెలియలేదా?”

“తెలిసిందండి. ఆపితే హాలు పీకి పందిరేస్తారు. నడవనిచ్చి, దాని తర్వాత ఆరోది వేశా. ఎవరూ పైకొచ్చి అడగలా. గండం గడిచిందనుకున్నా.” పత్రిక వైపు చూశాడు. “నిన్న సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. డబ్బింగ్ స్టూడియోవాళ్ళకి గుంటూరు నుంచి ఈ ముక్క ఎవరో పంపారంట. ‘మీ ఊరోళ్ళే నువ్వు సినిమా చూళ్ళేదని రాశారేందమ్మా’ అన్నారంట. ఇదే దాని మొదటి సినిమా అండి. ఇంకో బొమ్మల సినిమా ఉంది, అది దీనికిచ్చేదీ లేనిదీ బుధవారం తేలుస్తారంట. నేనే తప్పు చేశానని దానికింకా చెప్పలా. నోరు రాలేదండి.”

నిజం చెప్పాలంటే నాకు ముందు కోపమే వచ్చింది, అతని మీద. ఇరవై ఎనిమిదేళ్ళు సరిగ్గా చేసినవాడు నేను వచ్చిన రోజే తప్పు చెయ్యాలా? ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. పక్కన కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లకి తెలిసింది. ముందు బెంచీలో ఈల వేసినవాడికి తెలిసింది. పదకొండేళ్ళుగా సినిమాలు చూస్తున్న నాకు తెలియలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?”

“తప్పు ఆపరేటర్‌దని రాయండి. నా పేరు రాయండి. ఖాజావలి, వెంకయ్య హాలు అని.”

“ఉద్యోగం?”

“పోతే పోద్దండి. ఆ పిల్ల అంకెలు నేర్చుకుందే ఆ డబ్బాల మీద. వాళ్ళమ్మ జాన్‌బీ మిరప తొడాలు తీసే పనికి పోయేది. బడవ్వగానే దీన్ని క్యాబిన్లో కూర్చోబెట్టుకునేవాణ్ణి. పదేళ్ళకే, నేను నమాజుకెళ్ళొచ్చేలోపు రీలు మార్చి పెట్టేది. తల చూడకుండా ఒక్కనాడు వెయ్యలేదండి. బొమ్మ కనపడతా మాట వినపడదు గదా, ఆ తెర మీదోళ్ళు ఏమనుకుంటన్నారో ఇదే కల్పించి చెప్తా ఉండేది. ఆ పిల్లని పట్టుకుని చూడకుండా రాసిందంటే...” అంటూ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“ఇవాళ మ్యాటినీకి వస్తున్నాను,” అన్నాను. “రీళ్ళు వరసగా వెయ్యండి.”

మళ్ళీ వెళ్ళాం. ఈసారి టిక్కెట్లు మహతి కొన్నది, కుర్చీలు అదే ఏరింది. మిక్చరు కొననివ్వలేదు, నా ధ్యాస పొట్లం మీదికి పోతుందట. ముందు నుంచీ ఒక్కొక్కళ్ళ పేరూ చెవిలో చెబుతూనే ఉంది. ఈసారి విన్నాను. విన్నకొద్దీ సినిమా వేరేగా కనిపించింది. బొజ్జ ఎలుగుకి సీరియల్లో ఎప్పుడూ స్నేహితులు లేరట, గుహలో ఒక్కటే ఉంటుందట. రాకెట్ పిల్లలకి ఇల్లు లేదట, ఎప్పుడూ తిరగడమేనట. అందుకని వాళ్ళు ఎదురుపడగానే హాలు దద్దరిల్లింది. ఏడాదిగా ఈ పిల్లలంతా విడివిడిగా ఎరిగినవాళ్ళు ఇవాళ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు మరి. నేను గోలంటే గోలే అనుకున్నాను.

ఇంటర్వెల్ అయింది. ఆరో రీలు వచ్చింది. గుహలోకి చలిగాలి వచ్చింది. మిన్నూ వణుకుతూనే తన మఫ్లరు తీసి ఎలుగు మెడకి చుట్టింది. అంత నోరున్న ఎలుగు ఏమీ అనలేదు. అక్కడ ఒక్క మాటా రాయలేదు ఆ అమ్మాయి. హాలు కూడా మాట్లాడలేదు. ఆ తర్వాత ఏడో రీలు వచ్చింది. మంచుకొండ మీద, విడిపోయే ముందు, ఎలుగు మిన్నూ చెయ్యి పట్టుకుంది.

“నీకు చలేస్తా ఉండంగానే నాకిచ్చావు గదే. ఇంక ఈ కొండ మీద నాకు చలి లేదు.”

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మిర్చి ఘాటని చెప్పొచ్చు కానీ అబద్ధం ఎందుకు? ఏడ్చాను. మహతి నావైపు చూసి, కర్చీఫు ఇచ్చి, మళ్ళీ తెరవైపు తిరిగింది.

హాల్లోంచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి క్యాబిన్ కంతల వైపు చూశాను. చీకటిగా ఉంది. ఆ వెనకాల అతను ఉన్నాడు, పిల్లల నవ్వు వినపడని చోట.

సోమవారం గుంటూరు బస్సెక్కాను. మిర్చి యార్డు దగ్గర లారీల వరసలో బస్సు అరగంట ఆగిపోయింది, బస్సంతా తుమ్మింది. ఆ తుమ్ముల మధ్యే రాసింది ఇంకోసారి చదువుకుని, రెండు వాక్యాలు కొట్టేశాను. ప్రద్యుమ్న కాగితాలు చదివి కళ్ళద్దాలు తీశాడు.

“సమీక్షకి సవరణ ఎక్కడన్నా ఉంటుందా మేడమ్? రేపట్నుంచి ప్రతి నిర్మాతా ఫోన్ చేసి, మా సినిమా కూడా రెండోసారి చూడండంటాడు.”

“చూస్తాను.”

“పోనీ ఒక పని చేద్దామండి. హాలు వాళ్ళ నిర్వాకం వల్ల రీళ్ళు తారుమారయ్యాయని ఒక చిన్న వార్త వేద్దాం. మీకు మాట రాదు, పేపరుకీ మాట రాదు.”

నాకు ఆ దారి తెలియక కాదు. రాత్రంతా అదే ఆలోచించాను. ఖాజావలి కూడా అదే అడిగాడు. నిజం కూడా అదే. కానీ ఆ వార్తతో ఏమవుతుంది? అతని ఉద్యోగానికి ఎసరు వస్తుంది, నేను ఎప్పటిలాగే గొప్ప సమీక్షకురాలిగా మిగులుతాను. గురివింద గింజకి తన నలుపు కనపడదంటారు. నాకు కనపడ్డాక కూడా దాచుకోమంటే ఎలా?

“రీళ్ళు తారుమారైతే ఆ సంగతి కనిపెట్టాల్సింది ఎవరు ప్రద్యుమ్నా? పక్కన కూర్చున్న పిల్ల చెప్పింది. నోరు మూసుకోమన్నాను. పైగా రాసినమ్మాయిని ‘సినిమా చూడలేదేమో’ అన్నాను. ఉన్నదున్నట్టు వెయ్యి. వెయ్యకపోతే నా శీర్షిక ఇవాళ్టితో సరి.”

“న్యూస్ ఎడిటరుగారు ఒప్పుకోరండీ.”

“అయితే ఆయన్ని పిలువు. ఇక్కడే కూర్చుంటాను.” కూర్చున్నాను కూడా, మధ్యాహ్నం రెండున్నర దాకా. నేను లేచి వెళ్ళేలా లేనని అర్థమయ్యాక ఆయన విసుగ్గా సంతకం పెట్టాడు.

మంగళవారం పత్రికలో వచ్చిన ముక్కలోంచి కొంచెం:

“శుక్రవారం నేను చూసినప్పుడు ఈ సినిమాలో ఏడో భాగం ఆరోదాని కంటే ముందు వచ్చింది. ఎందుకు వచ్చిందని అడక్కండి, ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి ఎవరికైనా ఒక పొరపాటు జరుగుతుంది. నా పొరపాటు అంతకంటే పెద్దది. హాల్లో పిల్లలందరికీ తెలిసిన సంగతి నాకు తెలియలేదు. తొమ్మిదేళ్ళ మా మేనకోడలు చెబితే వినలేదు. సరైన వరసలో మళ్ళీ చూశాను. రాకెట్ పిల్లలు ఇప్పటికీ వాచకం లాగే మాట్లాడుతున్నారు, పాటలు ఇప్పటికీ పొడుగే, నేనన్న ఆ మాటల్లో మార్పు లేదు. కానీ ఎక్కడ మాట రాయాలో, ఎక్కడ రాయకూడదో షేక్ సఫూరాకి తెలుసు. మఫ్లరు చుట్టినప్పుడు ఎలుగు ఊరుకుంది చూశారా, అది రాసింది ఆ అమ్మాయే. మన పక్కింటి మనిషిలా మాట్లాడే ఎలుగుబంటి వింత కాదు, ఇన్నాళ్ళూ లేకపోవడమే వింత. సినిమా చూడకుండా రాసింది నేను. క్షమించమని ఆమెని అడుగుతున్నాను.”

ఆ పత్రిక పట్టుకుని ఖాజావలి తిన్నగా వెంకయ్య దగ్గరికి వెళ్ళాడట. నేను అతని పేరు దాచానే కానీ, అతను దాచుకోలేదు. ఆ పొరపాటు తనదేనని చెప్పాడు. ఈ సంగతి నాకు వెంకయ్యే బజారంతా వినపడేటట్టు చెప్పాడు: “ఏరా ఖాజా, ఇన్నేళ్ళకి ఒక్క రీలు తప్పేసి దానికి నా కాడికొచ్చి ఏడుస్తావేందిరా, పోయి మిషను తుడుచుకోపో అన్నానండి టీచర్‌గారూ! ఆ రెండో సమీక్ష చూసి, ఏడు ముందో ఆరు ముందో చూద్దామని జనం మళ్ళీ వస్తన్నారు. ఇంకో వారం ఆడిస్తన్నా!”

నా సంగతి అంత బాగా జరగలేదు. న్యూస్ ఎడిటరు నా శీర్షిక నెలరోజులు ఆపేశాడు. ఆ చోట్లో బంగారం ధరలు వేశారు. ఆ నెలంతా శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తర్వాత ప్రద్యుమ్న ఒక సంచీ తెచ్చి నా ముందు పోశాడు. అన్నీ పోస్టుకార్డులే. పిడుగురాళ్ల నుంచి, దర్శి నుంచి, ఎక్కడెక్కడి పిల్లలో రాశారు. ‘మా హాల్లో కూడా ఒక పాట కోసేశారు టీచర్’ అని ఒకడు. ‘మీరు తర్వాతి సినిమాకి మీ మేనకోడల్ని అడిగి రాయండి’ అని ఒకతి. దర్శి పిల్లాడొకడు ఎలుగు బొమ్మ గీసి, ఎర్ర ఇంకుతో మఫ్లరు వేసి, కింద ‘ఇచ్చాకే’ అని రాశాడు. బంగారం ధరలకి ఒక్క కార్డూ రాలేదట. శీర్షిక మళ్ళీ మొదలైంది.

ఆ బుధవారం ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగడానికి మొహం చెల్లలేదు. దసరా సెలవుల్లో తెలిసింది. వెంకయ్య హాలు గోడకి కొత్త పోస్టరు వేశారు, మళ్ళీ బొమ్మల సినిమాయే, అదే ఎలుగు, అవే రాకెట్ పిల్లలు. మహతి ఒంగోలు నుంచి దిగిందో లేదో నన్ను లాక్కుపోయింది. పోస్టరు కింద చిన్న అక్షరాల్లో ‘మాటలు: షేక్ సఫూరా’ అని ఉంది. ఎండలో నిలబడి రెండుసార్లు చదివాను.

హాలు గుమ్మంలో సన్నగా పొడుగ్గా ఉన్న అమ్మాయి ఎదురొచ్చింది. భుజాన సంచీ, కళ్ళజోడు. “సీతారత్నం టీచర్‌గారు మీరేనా అండీ? నేను సఫూరాని.”

“నేనేనమ్మా,” అన్నాను.

“మీరు మొదట రాసింది చదివి రెండు రోజులు అన్నం తినలేదండి,” అంది మొహం మీదే. గుంటూరు పిల్ల, దాచుకోదు.

“రెండోది చదివాక?”

“తిన్నాను. కానీ స్టూడియోలో నా బల్ల మీద అంటించుకుంది మాత్రం మొదటిదేనండి. రాకెట్ పిల్లలు వాచకం అప్పజెప్పినట్టు మాట్లాడారన్నారు చూడండి, అది నిజం. రెండోసారి కూడా ఆ మాట మీరు వెనక్కి తీసుకోలేదు. ఈసారి అట్లా లేకుండా రాశాను. చూసి చెప్పండి. బాగోకపోతే బాగోలేదనే రాయండి.”

“బాగోకపోతే ఉతికి ఆరేస్తాను,” అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వాం.

“లోపలికి పద, నా పక్కన కూర్చుందువు గాని.”

“నేను కింద కూర్చోనండి. వేరే పనుంది,” అంటూ మెట్ల వైపు వెళ్ళిపోయింది.

లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. మేము కూర్చున్న వరసలో ఒక కుర్చీ ఖాళీ. బెల్లు కొట్టాక, దీపాలు ఆరబోతుండగా, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన తడబడుతూ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఖాజావలి. కుర్చీ అంచున కూర్చుని మాటిమాటికీ వెనక్కి తిరిగి క్యాబిన్ వైపు చూస్తున్నాడు.

“మీరిక్కడుంటే పైన ఎవరు?” అన్నాను గాభరాగా.

“అమ్మాయండి. నన్ను బయటికి నెట్టి తలుపేసింది. ‘నువ్వు కిందకెళ్ళు నాన్నా, రీళ్ళు నేను చూసుకుంటా’ అంది.” గొంతు తగ్గించాడు. “ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఈ హాల్లో ఉన్నానండి. ఈ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు.”

తల మీదుగా వెలుగు వచ్చింది. సినిమా మొదలైంది. ఎవరో పిల్ల ఏదో అంది, ఎలుగు దానికి బదులు చెప్పింది. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ముందు బెంచీలు, వెనక కుర్చీలు, గోడవార నిలబడ్డవాళ్ళు అందరూ నవ్వారు. మహతి కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఖాజావలి మాత్రం నవ్వలేదు. వెనక్కి చూడటం మానేసి, కుర్చీలో వెనక్కి జారి కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. తెర వైపు చూడనే లేదు. వింటున్నాడు.